తలుపు తనంతట తాను తెరుచుకునేదాకా

ఆసుపత్రి నేలమాళిగలో పనిచేసేవాళ్ళందరికీ ఆమె వదినే. నిజానికి ఆమె వదినైంది ఒక్కడికి. అతను ఆమె భర్త తమ్ముడు. అదే ల్యాబులో టెక్నీషియనుగా చేరిన మొదటి రోజున, అందరూ వింటుండగా, "వదినా, ఈ గ్లవ్స్ ఎక్కడ పారెయ్యాలి?" అని గట్టిగా అరిచి అడిగాడు. అంతటితో సీనియర్ కెమిస్టుగా ఆమె ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మర్యాదంతా గాలికిపోయింది. ఆమె కంటే వయసులో పెద్దవాడైన సేఫ్టీ ఆఫీసరు కూడా వదినగారూ అనే పిలిచేవాడు. డైరెక్టరుగారు మాత్రం మనసు బాగున్న రోజున వదినగారూ అనీ, బాగోలేని రోజున మేడమ్ అనీ అనేవారు. ఆయన నోటివెంట మేడమ్ వచ్చిందంటే ల్యాబులో అందరూ తలలు వంచుకుని పనిలో పడేవారు.

భర్త రోడ్డు ప్రమాదంలో పోయాక ఆమె అత్తగారితో, మరిదితో అదే ఇంట్లో ఉండిపోయింది. పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమన్నారు. "అక్కడికొస్తే నాతో పోట్లాడేవాళ్ళెవరుంటారు?" అంది. అబద్ధం కాదు. అత్తాకోడళ్ళ సఖ్యతంతా పోట్లాటలోనే ఉండేది.

ఆ ఏడు అత్తగారి రెండు కళ్ళకూ ఒకదాని తరవాత ఒకటి శుక్లాల ఆపరేషన్ అయింది. వదిన సెలవు పెట్టి ఇంట్లో ఉంది. కళ్ళలో చుక్కలు వెయ్యడం, ఆవిడ వద్దన్న పనే చేస్తుంటే పట్టుకోవడం, ఇదే పని. సెలవు ముగించుకుని ఆమె మళ్ళీ నేలమాళిగ మెట్లు దిగేసరికి అక్కడ చాలా మారిపోయింది.

ఆ నేలమాళిగలో జరిగే పని ఇది. ఒక గదిలో, మనిషి పొడుగంత మందం ఉన్న కాంక్రీటు గోడల మధ్య, సైక్లోట్రాన్ అనే పెద్ద మెషీను ఉంటుంది. అది తెల్లవారుతూనే మొదలై ఐసోటోపును, అంటే కాసేపు రేడియేషన్ విడిచే పదార్థాన్ని, తయారుచేస్తుంది. ఆ ఐసోటోపు సన్నటి గొట్టంలోంచి పక్కగదిలోని సీసపు పెట్టెలోకి వస్తుంది. పెట్టెలో దాన్ని చక్కెరలాంటి మందుతో కలిపి, చిన్న చిన్న గాజుబుడ్లలో పోసి, పై అంతస్తులో స్కానింగుకి పంపాలి. ఆ మందు ఎక్కించుకున్న రోగి ఒంట్లో కేన్సరు ఎక్కడ దాక్కున్నా స్కానులో వెలిగి కనబడుతుంది. చిక్కల్లా ఒకటే. మందు నిలవుండదు. రెండు గంటలు తిరక్కుండానే సగం బలం పోతుంది. అందుకని అక్కడ అందరి నడకా పరుగులాగే ఉంటుంది.

సీసపు పెట్టెలో పనికి బయటనుంచి నడిపే ఇనపచెయ్యి ఒకటుంది. మందమైన గాజులోంచి చూస్తూ, పిడి పట్టుకుని తిప్పుతుంటే, లోపల అది బుడ్డి మూత తీస్తుంది, మందు పోస్తుంది, మళ్ళీ మూత పెడుతుంది. పెట్టె తలుపుకి తాళం కూడా ఉంది. లోపల రేడియేషన్ ఎక్కువగా ఉన్నంతసేపూ ఆ తాళం విడవదు. తగ్గాక తనంతట తానే టక్కుమని వదులుతుంది.

వదిన లోపలికి వచ్చేసరికి ఇనపచెయ్యి మోచేతి దగ్గర వంగి, కదలకుండా వేలాడుతోంది. పెట్టె తలుపు బెత్తెడు తెరిచి ఉంది. దాని ముందు ఆమె మరిది నిలబడి, పొడుగాటి పట్టకారుతో లోపల బుడ్లు సర్దుతున్నాడు. పట్టకారు అందనప్పుడు మణికట్టుదాకా చెయ్యి లోపలికి పోతోంది. గోడమీద రేడియేషన్ మీటరు ఆగకుండా టకటక కొట్టుకుంటోంది. దాని శబ్దం వినబడకుండా ఎవరో స్పీకరు మీద దూది కుక్కి టేపు అంటించారు.

ఆమె కేకెయ్యలేదు. చేతిలో బుడ్డి ఉన్నవాణ్ణి కంగారుపెడితే ఇంకా ప్రమాదం. అతను చివరి బుడ్డికి మూత పెట్టి, తలుపు మూసి, వెనక్కి తిరిగేదాకా ఆగింది.

"ఉంగరం ఏది?" అంది.

ఉంగరం అంటే పెళ్ళిది కాదు. పెట్టె దగ్గర పనిచేసేవాళ్ళు వేలికి పెట్టుకునే ప్లాస్టిక్ ఉంగరం. చేతికి ఎంత రేడియేషన్ తగిలిందో దాన్నిబట్టి లెక్కగడతారు.

"డ్రాయర్లో ఉంది వదినా."

"డ్రాయరుకేమన్నా పెళ్ళా?"

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. "రీడింగు ఎక్కువొస్తే ఏడాదంతా పక్కన కూర్చోబెడతారట. మిగతా ఇద్దరూ తీసేశారు. నేనొక్కణ్ణే పెట్టుకుంటే నా ఒక్కడిదే బయటపడుతుంది కదా."

"తాళం విడవకుండా తలుపెలా తెరుచుకుంది?"

ఆమె వంగి చూసింది. తాళం సెన్సరు మీద, క్యాంటీను ఫ్రిజ్జుకి ఉండే అయస్కాంతం బొమ్మ ఒకటి అతికించి ఉంది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న సూర్యుడు. అది అక్కడుంటే తాళానికి లోపలంతా క్షేమమే అనిపిస్తుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు సెలవు పెట్టిన రెండో వారంనుంచి."

"ఇంట్లో రోజూ నా ఎదురుగా కూర్చుని తింటున్నావు. ఒక్కమాట చెప్పలేదు."

"చెబితే నువ్వు వచ్చేస్తావు. అమ్మ కళ్ళలో చుక్కలెవరు వేస్తారు?"

ఆమె ఆ సూర్యుణ్ణి ఊడబీకి కోటు జేబులో వేసుకుని, తిన్నగా పై అంతస్తుకి వెళ్ళింది.

డైరెక్టరుగారు చెడ్డవాడు కాదు. ఆ ఆసుపత్రికి సైక్లోట్రాన్ కావాలని ఏళ్ళ తరబడి తిరిగి, కనబడినవాళ్ళందరినీ వేధించి తెప్పించింది ఆయనే. రోగుల పేర్లు ఆయనకి నోటికొచ్చు. అయితే ఈ మధ్య చుట్టుపక్కల ఆసుపత్రులకి కూడా ఇక్కణ్ణుంచే మందు పంపడానికి ఒప్పుకున్నారు. రోజూ పొద్దున్నే సీసపు డబ్బాలతో కారు బయలుదేరాలి. ఇనపచెయ్యి బాగుచెయ్యాలంటే విదేశంనుంచి భాగం రావాలి, మెషీను కొన్నాళ్ళు ఆపాలి. ఆపితే కారు ఆగుతుంది. "కాస్త సర్దుకోండి" అని ఆయన అన్న మాట అలాగే సాగిపోతోంది.

"రండి వదినగారూ! అత్తగారికి చూపు బాగా వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండీ. నాకూ వచ్చింది." అయస్కాంతం బల్లమీద పెట్టింది. సూర్యుడు ఆయన మొహంలోకి నవ్వాడు.

ఆయన దాన్ని పక్కకి జరిపారు. "తెలుసు. భాగానికి ఆర్డరు పెడదాం. వచ్చే నెల..."

"భాగం ఎప్పుడొస్తే అప్పుడు రానివ్వండి. అందాకా పిల్లల చేతులు పెట్టెలో పెట్టనివ్వను."

"మేడమ్," అన్నారాయన. మనసు మారిందన్నమాట. "స్కానింగు హాల్లోకి ఎప్పుడైనా వెళ్ళి చూశారా? ఆ జనం స్కాను కోసం రాత్రినుంచి తిండి మానేసి కూర్చుంటారు. వాళ్ళలో సగంమందికి ఈ స్కాను వస్తేనే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. వాళ్ళ ప్రాణాల ముందు మన చేతులకి కాస్త రేడియేషన్ తగిలితే..."

"మన చేతులా? మీ చేతులు బల్లమీదున్నాయి కదండీ."

ఆయన మొహం ఎర్రబడింది. ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది. ఆ మాట అన్నందుకు మెట్లు దిగుతూ కాస్త బాధపడింది గానీ, వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

సాయంత్రం వదినా మరిదీ ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు నల్లకళ్ళజోడు పెట్టుకుని, కొత్తగా వచ్చిన చూపుతో గోడల మూలల్లో బూజు వెతికి కోడలి మీద కేసు పెట్టడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరి మొహాలూ చూసి బూజు సంగతి పక్కన పెట్టింది. వదిన ఏదీ దాచలేదు. అంతా విన్నాక ఆవిడ కొడుకుని దగ్గరికి పిలిచి, రెండు చేతులూ పట్టుకుని, దీపం కిందికి లాగింది. అరచేతులు తిప్పి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది.

"ఏం కనబడదమ్మా," అన్నాడతను. "వేడి కాదు, మంట కాదు. ఏమీ తెలీదు."

"తెలీకపోతే లేనట్టా? పెద్దాణ్ణి మట్టిలో పెట్టొచ్చాను. నీ చేతులు కూడా ఆ ఆసుపత్రికి రాసిచ్చానా? వెధవా, పెట్టెలో చెయ్యి పెట్టమంటే పెట్టేస్తావా? నేను ఏడాదిగా గట్టుమీద గిన్నె తీసి లోపల పెట్టరా అంటే ఇంతవరకూ పెట్టలేదు!"

అతను తల వంచుకున్నాడు. ఆవిడ చేతులు వదల్లేదు. చాలాసేపటికి కోడలివైపు తిరిగింది. "సమ్మె చేస్తావా?"

"చెయ్యను అత్తయ్యా. సమ్మె చేస్తే హాల్లో కూర్చున్న రోగులకి పూర్తిగా మందు ఉండదు. మనల్ని తిట్టుకుంటారు. తిట్టినా న్యాయమే."

"అయితే పని చెయ్యి. రూలు ప్రకారం చెయ్యి." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఒకప్పుడు ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసింది. "మా మేనేజరు రూల్సు పుస్తకం అచ్చేయించాడు. ప్రతి ఫోనుకీ నమస్కారం చెప్పాలి, నంబరు రెండుసార్లు అడగాలి, తిరిగి చదివి వినిపించాలి, కలిపాక మాట వినబడుతోందా అని కనుక్కోవాలి. ఎవరం చేస్తాం? చేస్తే పని తెములుతుందా? ఓసారి మాకు మధ్యాహ్నం విరామం ఎత్తేశాడు. మేం ఒక్కరం కూడా నోరెత్తలేదే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాం. వినయంగా, నమస్కారాలతో. సాయంత్రానికి ఊళ్ళో ఒక్క ఫోనూ కలవలేదు. మేనేజరు వచ్చి దండం పెట్టాడు. రూలు పాటించారని ఎవణ్ణి ఉద్యోగంలోంచి తీస్తాడు?"

వదిన కళ్ళముందు ల్యాబు గోడమీది బోర్డు కదిలింది. తనిఖీవాళ్ళు వస్తారని ఆ మధ్య అద్దం కట్టించి పెట్టిన పెద్ద బోర్డు. ఉంగరం లేకుండా పెట్టె దగ్గరికి రాకూడదు. తాళం తనంతట తాను విడిచేదాకా తలుపు తెరవకూడదు. మీటరు శబ్దం ఆపకూడదు. అన్నీ అందమైన పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. పెట్టిన రోజునుంచీ దాన్ని చదివినవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున మిగతా టెక్నీషియన్లు ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఒకడు వెంటనే డ్రాయర్లోంచి ఉంగరం తీసి పెట్టుకున్నాడు. రెండోవాడికి కొత్తగా కూతురు పుట్టింది, ఉద్యోగం పోతుందని భయం. "నువ్వు కూడా బోర్డులో ఉన్నదే చేస్తున్నావు కదా నాయనా. ఎవరైనా అడిగితే వదిన చెప్పిందని చెప్పు. నా పేరు వాడుకో, అరగదు," అంది. అతనూ పెట్టుకున్నాడు. మరిది స్పీకరులోంచి దూది పీకేశాడు. గదంతా టకటకమని మోగింది. అన్నాళ్ళూ చెవులు మూసుకుని దాని పక్కన నిలబడ్డామని అప్పుడు గానీ వాళ్ళకి తెలిసిరాలేదు.

ఐసోటోపు గొట్టంలోంచి వచ్చింది. మందు కలిసింది. నలుగురూ గదికి ఇవతలగా, అడ్డుగోడ వెనక కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. తాళం మీది ఎర్రదీపం వెలుగుతూ ఉంది.

ముందుగా కారు డ్రైవరు వచ్చాడు. "డబ్బాలేవి వదినా?"

"తలుపు తెరుచుకోవాలయ్యా."

"తెరవండి మరి."

"అది తెరుచుకోవాలి. మేం తెరవకూడదు."

డ్రైవరు తాళం వంక, వాళ్ళ వంక మార్చి మార్చి చూసి, ఇది తనకి అర్థమయ్యే వ్యవహారం కాదనుకుని ఫోను చేశాడు. కాసేపటికి డైరెక్టరుగారు మెట్లమీద చప్పుడు చేస్తూ దిగొచ్చారు. వెనకాలే సేఫ్టీ ఆఫీసరు. ఆయన పాపం మెత్తటి మనిషి. మూడు డిపార్టుమెంట్ల భద్రత ఆయన ఒక్కడి నెత్తిన వేశారు. ఎక్కడ ఏది చెడినా ఆయన్నే పిలుస్తారు, ఆయన చెప్పింది మాత్రం ఎవరూ వినరు.

"ఏమిటిది మేడమ్? పని ఆపేశారా?"

"లేదండీ. చేస్తున్నాం."

"కూర్చున్నారు!"

"రెండో రూలండీ." ఆమె బోర్డు చూపించింది. "తాళం విడిచేదాకా ఆగాలి. ఆగుతున్నాం. నిలబడి ఆగమని ఎక్కడా రాయలేదు."

మరిది దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"తాళం విడిచేసరికి సగం మందు పోతుంది!"

"పోతుందండీ. మిగిలిన సగం మన ఆసుపత్రి రోగులకి చాలుతుంది. ఒకరి తరవాత ఒకరికి, కాస్త ఆలస్యంగా అయినా అందరికీ అవుతుంది. కారుకి మాత్రం ఉండదు."

"కారులో వెళ్ళేది కూడా రోగులకే!"

ఆ మాట ఆమెకి తగిలింది. రాత్రంతా ఆమెని నిద్రపోనివ్వనిది అదే. "అవునండీ," అంది. "ఇనపచెయ్యి బాగుచేయించండి, వాళ్ళకీ వెళ్తుంది. నేను వద్దంటున్నది వాళ్ళకి మందుని కాదు. వీళ్ళ చేతుల్ని పెట్టుబడి పెట్టడాన్ని."

డైరెక్టరుగారు సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగారు. "మీరు చెప్పండి. అత్యవసరం కింద ఇవాళ్టికి అనుమతి ఇస్తున్నానని చెప్పండి."

సేఫ్టీ ఆఫీసరు బోర్డుకేసి చూశాడు. నేలకేసి చూశాడు. మెడ దగ్గర చొక్కా గుండీ సర్దుకున్నాడు. "సార్," అన్నాడు, "ఆ బోర్డు రాసింది నేనే."

"అయితే?"

"రాసేటప్పుడు ఎవరైనా చదువుతారనుకోలేదు సార్. చదివారు. ఇప్పుడు నేను కాదంటే... ఎలా కాదనమంటారు సార్?"

ఆయన అంత పొడుగు మాట డైరెక్టరు ఎదుట మాట్లాడడం అదే మొదటిసారి. మాట్లాడాక ఆయనే భయపడి గోడకి ఆనుకున్నాడు.

డైరెక్టరుగారు వదిన వంక వేలు చూపించారు. "బాగుంది. పైన ఉపవాసంతో కూర్చున్నవాళ్ళకి మీరే వెళ్ళి చెప్పండి. నేను చెప్పను. రూలు రూలని నాకు పాఠం చెప్పినట్టు వాళ్ళకీ చెప్పండి చూద్దాం."

"చెబుతాను," అంది ఆమె. లేచింది.

మరిది కూడా లేచాడు. "నువ్వుండు. తాళం చూస్తూ ఉండు," అని అతన్ని కూర్చోబెట్టింది.

హాలు నిండా జనం. కొందరు దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఒకావిడ తలకి గుడ్డ కట్టుకుని, కూతురి భుజంమీద వాలిపోయింది. చాలామందికి మాట్లాడే ఓపిక కూడా లేదు. వదిన ఎప్పుడూ ఆ హాల్లో నిలబడలేదు. కిందే తయారుచేసి కిందనుంచే పంపేది. ఇంతమంది మొహాలు ఒక్కసారి తనకేసి తిరిగాయి.

"మీ మందు తయారుచేసేది మేము," అని మొదలుపెట్టింది. వెనక వరసలకి వినబడలేదు. మళ్ళీ గట్టిగా అంది. "ఇవాళ ఆలస్యమవుతుంది. అందరికీ స్కాను అవుతుంది, ఎవర్నీ వెనక్కి పంపం. ఆలస్యానికి కారణం నేను. మందు ఉన్న పెట్టెలో రేడియేషన్ ఉంటుంది. మందుని బయటికి తీసే యంత్రం చెడిపోయింది. ఇన్నాళ్ళూ మా పిల్లలు చేతులు పెట్టి తీశారు. ఇవాళ్టినుంచి పెట్టరు. ఆ రేడియేషన్ తగ్గేదాకా ఆగి తీస్తాం."

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నది ఆయన భార్య.

"రాత్రినుంచి ఇది మంచినీళ్ళు తప్ప ఏం తీసుకోలేదు," అన్నాడు. "అసలే నిలబడలేదు. మీ యంత్రం చెడితే మాకేంటి? మీ పిల్లల చేతుల సంగతి మాకెందుకు చెబుతున్నారు? మా సంగతి మీకెవరు చెప్పాలి?"

ఆమె దగ్గర సమాధానం ఉంది. బోలెడుంది. ఇక్కడ ఒక పూట ఆలస్యం, అక్కడ ఒక జీవితకాలం అని చెప్పొచ్చు. ఆ మనిషి కళ్ళలోకి చూశాక అవేవీ నోటికి రాలేదు. "మీరన్నది నిజమే," అంది. "తిట్టండి. అయినా పెట్టనివ్వను."

ఆయన తిట్టాడు. ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. తలకి గుడ్డ కట్టుకున్నావిడ మాత్రం కూతురి భుజంమీదనుంచి తలెత్తి, "ఎంతసేపవుతుందమ్మా?" అని అడిగింది. "మధ్యాహ్నం లోపల." "సరే. ఆ కిటికీ వెయ్యి, చలేస్తోంది," అని మళ్ళీ పడుకుంది. వదిన వెళ్ళి కిటికీ వేసింది. తిట్లన్నీ అయ్యేదాకా అక్కడే నిలబడింది. తరవాత బలహీనంగా ఉన్నవాళ్ళెవరో నర్సుతో కలిసి చూసి, వాళ్ళని ముందు పంపేలా వరస మార్పించింది. వెనక వరస ఆయన భార్యే అందరికంటే ముందు వెళ్ళింది. ఆయన థాంక్స్ చెప్పలేదు. ఆమె ఆశించనూ లేదు.

తాళం టక్కుమని విడిచినప్పుడు మరిది ఫోను చేసి, "వదినా, వదిలింది!" అన్నాడు, ఏదో పరీక్ష పాసైనట్టు.

ఆ రోజుతో అయిపోలేదు. కారు ఖాళీగా నిలబడినన్నాళ్ళూ వేరే ఆసుపత్రులనుంచి ఫోన్లు వచ్చాయి. ఒక నర్సు ఏడుస్తూ తిట్టింది. వదిన ఎవరి ఫోనూ పెట్టెయ్యలేదు. ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పింది: "మా డైరెక్టరుగారికి చెయ్యండి. ఇనపచెయ్యి ఎప్పుడు బాగుచేస్తారని అడగండి. అందరూ అడగండి." వాళ్ళు అడిగారు. డైరెక్టరుగారి ఫోను మోగని గంట లేదు.

ఆయన కూడా ఊరుకోలేదు. వేరే చోటనుంచి ఒక కెమిస్టుని పిలిపించారు. బట్టతల, ముభావి. వచ్చీ రాగానే చేతులు కడుక్కుని, కోటు తొడుక్కుని, తాళం దగ్గర వంగి చూశాడు. ఇనపచెయ్యిని చూశాడు. తన పక్కనే నిలబడిన డైరెక్టరుగారిని, "ఇది పనిచెయ్యదా?" అని అడిగాడు.

"చెయ్యదు. పట్టకారు ఉంది."

"పట్టకారుతోనా?" ఆయన చాలా మర్యాదగా నవ్వాడు. "సార్, నేను వీణ నేర్చుకుంటున్నాను. ఈ వేళ్ళతో నాకింకా పనుంది." కోటు విప్పి, మడతపెట్టి, ఇంకో కుర్చీ తెచ్చుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

భాగం వచ్చింది. రాదు రాదన్నది, అడగవలసినట్టు అడిగేసరికి విమానంలో వచ్చింది. మెషీను ఆపి, ఇనపచెయ్యి మోచెయ్యి మార్చారు. కారు మళ్ళీ కదిలింది. అదంతా జరిగేలోగా వదిన పట్టుబట్టి, ఉంగరాలు డ్రాయర్లో ఉన్న రోజుల లెక్క సేఫ్టీ ఆఫీసరు చేత కట్టించింది. చేసిన పనినిబట్టి, మీటరు చూపినదాన్నిబట్టి ఆయన ముగ్గురికీ అంచనా వేశాడు. ఇద్దరిది హద్దులోనే ఉంది. మరిదిది దాటింది. ఎక్కువ బుడ్లు తీసింది అతనే. ఆ ఏడాదికి అతను పెట్టె దగ్గరికి రాకూడదు.

అతనికి కోపం వచ్చింది. ఇన్నాళ్ళలో వదినతో అతను గొంతెత్తింది అదే. "ఎవడు అడిగాడు నిన్ను లెక్క కట్టమని? ఇనపచెయ్యి బాగయింది, తలుపు బాగుంది. ఇక ఎవరికి కావాలి ఆ లెక్క? నన్ను తీసుకెళ్ళి కంట్రోలు రూములో బొమ్మలా కూర్చోబెట్టావు!"

"బొమ్మలా కూర్చో," అంది ఆమె. "ముసలాడివయ్యేదాకా కూర్చో. నన్ను తిట్టుకుంటూ కూర్చో."

అతను చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. అత్తగారు మధ్యలో రాయబారం నడిపింది. రాయబారమంటే ఇద్దర్నీ చెరోవైపునుంచి తిట్టడమే. ఆ రేడియేషన్ వల్ల ముందుముందు ఏమైనా జరగొచ్చో, ఏమీ జరక్కపోవచ్చో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరని సేఫ్టీ ఆఫీసరు ఒకరోజు అతన్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఆ రోజు మాత్రం అతను ఇంటికొచ్చి, వదిన పక్కన కూర్చుని టీవీ చూశాడు. ఆమె జరిగి చోటిచ్చింది.

ల్యాబుకి హెడ్డు పోస్టు ఖాళీ అయి కొంతకాలమైంది. అది వదినకే అని అందరికీ తెలుసు. దాని కోసం కమిటీ పిలిచింది. డైరెక్టరుగారితో కలిపి నలుగురు పెద్దమనుషులు. జరిగినదాని గురించి వాళ్ళు మెత్తగానే మాట్లాడారు. పని బాగుందన్నారు, నిజాయితీ మెచ్చుకున్నారు. చివర్లో ఒకాయన, "ఒక్కమాట అనేస్తే సరిపోతుందమ్మా. ఆవేశంలో కాస్త తొందరపడ్డాను అని. రాసివ్వక్కర్లేదు. నోటితో అంటే చాలు. అందరికీ గౌరవంగా ఉంటుంది," అన్నాడు.

వదిన అందరి మొహాలూ చూసింది. డైరెక్టరుగారు తన చేతులకేసి చూసుకుంటున్నారు.

"తొందరపడలేదండీ," అంది. "ఆగాను. ఆ నేలమాళిగలో ఆ రోజు తొందరపడనివాళ్ళం మేమే. ఆగినందుకు క్షమాపణ చెబితే రేపు ఇంకోడు చెయ్యి పెడతాడు. చెప్పను."

"పోస్టు సంగతి ఆలోచించుకున్నారా?" అన్నాడు రెండో ఆయన.

"మీరు ఆలోచించుకోండి. నా పని నాకు తెలుసు."

పోస్టు వీణ నేర్చుకుంటున్న బట్టతల కెమిస్టుకి ఇచ్చారు. ఆయన మొహమాటపడి, ఆ కబురు చెప్పడానికి ఆమె బల్ల దగ్గరికి తానే వచ్చాడు. ఆమె అభినందనలు చెప్పింది. అత్తగారు మాత్రం ఆ సాయంత్రమంతా కమిటీలో నలుగురినీ, వాళ్ళ ముందు తరాలతో సహా, ఒక్కొక్కరినీ విడివిడిగా తిట్టింది. "హెడ్డువి కాకపోతే నష్టమేంటే," అని చివర్లో తానే తేల్చేసింది. "ఇంట్లో నా తలమీద ఎక్కి కూర్చున్నావు, చాలదా?"

"మీ తల ఇరుకు అత్తయ్యా," అంది కోడలు.

మర్నాడు పొద్దున వదిన కొత్త హెడ్డుగారి గది తలుపు కొట్టింది. సైక్లోట్రాన్ గదిలోంచి గాలి బయటికి పోయే గొట్టానికి, రేడియేషన్ ఉన్న ధూళి బయటపడకుండా, ఫిల్టర్లు ఉంటాయి కదా, అవి మార్చి ఎంత కాలమైందో చెప్పమని అడిగింది. ఆయన తనకి తెలీదన్నాడు. కనుక్కుని తరవాత చెబుతానన్నాడు.

"పర్లేదండీ, కనుక్కోండి. నేనిక్కడే కూర్చుంటాను," అని ఆమె ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుంది.